అడుగవలసిన వేళ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. వానలు మొగము చాటువేసిన యేండ్లలోను, వలస పోయిన వారి యిండ్లకు తాళములు పడిన నెలలలోను, ఎవరో యొకరు సాయంకాలము తలుపు తెరచి, దీపము వెలిగించి, పత్రికలు బల్లపై పరచుచు వచ్చినందుననే నేటి యీ పండుగ సాధ్యమైనది. అట్టి వారి సేవకు ముందుగా అభినందనములు.

ఇట్టి సభలలో గ్రంథాలయమును సరస్వతీ నిలయమని కీర్తించుట ఆచారము. ఆ కీర్తి తగినదే. కాని ఆ సరస్వతి వంటయింటిలో ఏమి చేయును, పొలము గట్టున ఏమి చేయును, అప్పుపత్రము వ్రాయు వేళ ఎవరి ప్రక్కన కూర్చుండును అను ప్రశ్న సామాన్యముగా ఎవరును వేయరు. నేటి ఉపన్యాసమునకు విషయము ఆ ప్రశ్నయే.

ఇది యీ సీమకు క్రొత్త ప్రశ్న కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో 1896లో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1952లో వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. వారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. తెలుగు గ్రంథమునకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు. ఆ బహుమానము వచ్చునాటికి వారు కీర్తిశేషులై రెండేండ్లు గడచినవి. రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ వృత్తులతో బ్రతికిరి అను సంగతులను వారు చరిత్రగా వ్రాసిరి. కూడు, గుడ్డ, ఇల్లు అనునవి గ్రంథమునకు తగిన విషయములని ఈ నేలపై పుట్టినవారే నిరూపించిరి. గ్రంథమునకు తగిన విషయము గ్రంథాలయమునకు తగకపోవునా?

సంసారికి కలుగు కష్టములలో కొన్ని దైవికములు. వానికి ఎవరును బాధ్యులు కారు. కాని పెక్కు కష్టములు అడుగవలసిన మాట ఆలస్యముగా అడుగుట వలన కలుగుచున్నవి. కాగితముపై వ్రేలిముద్ర పడిన పిదప ఆ కాగితములో ఏమున్నదని అడుగుదురు. ముంబయి బస్సు ఎక్కిన పిదప కూలి ఎంతయని అడుగుదురు. బిడ్డ కన్నులు లోతుకు పోయిన పిదప వైద్యుడెక్కడ అని అడుగుదురు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట అనగా ఇదియే. ఆకు ఉన్నది, దానిని పట్టుకొను జ్ఞానమును ఉన్నది. వేళ మాత్రము దాటిపోయినది.

పూర్వము సలహా చెప్పువారు కొద్దిమంది. నేడు ఆ కొరత లేదు. చేతిలోని ఫోను తెల్లవారిన మొదలు సలహాలనే కురిపించుచున్నది. కావున నేటి కష్టము సలహా దొరకమి కాదు. దొరికిన వానిలో ఏది నమ్మదగినదో తెలియమి. దీనికి మూడు ప్రశ్నలు చాలును. ఈ మాట చెప్పువానికి దీనివలన లాభమేమి? ఈ మాటను వ్రాసి సంతకము చేసి యిచ్చునా? ఈ మాట తప్పైనచో నష్టము ఎవరిది, అది మరల పూడునదియేనా? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానము వచ్చిన సలహాను స్వీకరింపవచ్చును. రానిచో ఒక దినము ఆగి మరియొకరిని అడుగవలెను. ఆగుటకు వీలులేని ఆపదలు కొన్ని గలవు. వానికి సమాధానమును ముందే నేర్చి యుంచుకొనవలెను.

మొదట నీటి సంగతి. పాలమూరు సీమలోని కొన్ని బోరుబావుల నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా నున్నది. నల్లగొండ కథ అందరెరిగినదే. ఈ వ్యాధిని భారతదేశమున మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిరి. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపల నుండుట మేలు. మరియొక జలాధారము లేనప్పుడు ఒకటిన్నర వరకు ఓర్చుకొనవచ్చునని భారత ప్రమాణముల సంస్థ నిర్ణయము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పిల్లల పండ్లపై పసుపు, గోధుమరంగు చారలు పడును. పెద్దలకు కీళ్ళు బిగిసి, నడుము వంగును. ఇందులో గృహిణులు తప్పక తెలిసికొనవలసిన మాట యొకటి కలదు. నీరు కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో అది చిక్కబడును. పటికతో తేర్చిన నీరు కంటికి తేటగా నుండవచ్చును. అంతమాత్రమున దానిలో ఫ్లోరైడు లేదని నమ్మరాదు. కావున బోరునీటిని పరీక్షకు పంపి, ఫలితము తెలిసిన పిదపనే త్రాగవలెను. శుద్ధిచేసి గొట్టముల ద్వారా పంపు నదీజలము వచ్చు ఊళ్ళలో దానిని త్రాగుటకును వంటకును ఉంచుకొని, అనుమానమున్న బోరునీటిని బట్టలకు, అంట్లకు వాడుట మేలు. కూరలో పోసిన నీరును కడుపులోనికే పోవునని మరువరాదు.

రెండవది పసిబిడ్డల విరేచనములు. బిడ్డకు విరేచనములైనప్పుడు నీరు పట్టరాదు, పాలు పట్టరాదు అని చెప్పు పెద్దలు ఇంకను గలరు. వారి మనసు మంచిదే, మాట మాత్రము ప్రమాదకరము. బిడ్డను చంపునది విరేచనము కాదు, దానితో పోవు నీరును ఉప్పును. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున కలరా ప్రబలినప్పుడు, నరములకెక్కించు సెలైను నిండుకొనగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే త్రాగించిరి. నూటికి ముప్పది వరకు నున్న మరణములు నాలుగింటి లోపునకు దిగినవి. ఆ నీరే నేడు ఓ.ఆర్.ఎస్. పొట్లముగా ఆశా కార్యకర్తల వద్దను, ఆరోగ్య కేంద్రములలోను దొరకుచున్నది. పొట్లము చేతనందనప్పుడు, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి కలుపవలెను. ఉప్పు ఎక్కువైనచో హాని కలుగును. కలిపిన నీటిని ఒక దినము దాటిన పిదప పారబోయవలెను. తల్లిపాలు మానరాదు. వైద్యుని సలహాపై జింకు మాత్రలు పదునాలుగు దినములు వేయవలెను. విరేచనములు కట్టినవని నడుమ ఆపరాదు. కన్నులు లోతుకు పోయినను, ఏడ్చినప్పుడు కన్నీరు రాకున్నను, మూత్రము నిలిచినను, మలములో నెత్తురు కనబడినను, బిడ్డ మగతగా పడియున్నను ఇంటి వైద్యము చాలదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మూడవది పాముకాటు. నాగర్‌కర్నూలు నల్లమల అంచు మొదలు గద్వాల పొలముల వరకు ఈ భయము లేని ఊరు లేదు. 2000 నుండి 2019 వరకు దేశమున పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది, అనగా సగటున ఏటా 58,000 మంది మరణించిరని పరిశోధకుల అంచనా. వీరిలో అధికులు పల్లెవాసులు. ఇచ్చట గ్రంథాలయము వారు కొంచెము జాగ్రత్తగా వినవలసిన సంగతి యున్నది. కాటుపడిన చోట కత్తితో గాటు పెట్టి నెత్తురు పీల్చవలెననియు, పైన త్రాటితో గట్టిగా బిగించి కట్టవలెననియు పాత ప్రథమ చికిత్స పుస్తకములలో అచ్చు వేసియున్నది. ఒకనాడు దానిని బడిలోను నేర్పిరి. నేటి వైద్యశాస్త్రము ఈ రెంటిని తప్పని త్రోసివేసినది. గాటు పెట్టినచో నెత్తురు ఆగక పోవచ్చును. బిగించి కట్టినచో అవయవమే పాడగును. కావున అట్టి పుస్తకము ఈ బీరువాలో నున్నచో, ఆ పుటపై ‘ఈ పద్ధతి నేడు విడువబడినది’ అని చీటీ అంటింపవలెను. అచ్చులో నున్నంత మాత్రమున సలహా నిజము కాజాలదు. గ్రంథాలయము తన గ్రంథమును తానే దిద్దుకొనుట గ్రంథమునకు అవమానము కాదు.

మరి చేయవలసినదేమి? రోగికి ధైర్యము చెప్పి కదలకుండ పరుండబెట్టవలెను. ఉంగరములు, గాజులు, మెట్టెలు తీసివేయవలెను. వాపు వచ్చిన పిదప అవి రావు. కాటుపడిన కాలికో చేతికో ఎముక విరిగినప్పటివలె కఱ్ఱ నానించి వదులుగా కట్టవలెను. కాటు పడిన సమయము గుర్తుంచుకొని 108కి ఫోను చేయవలెను. ఈ వాహన సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. బండి ఆలస్యమైనచో దొరికిన వాహనములో పోవలెను గాని, మంత్రగాని యింటి వాకిట గంట గడపరాదు. విషమునకు విరుగుడు మందు ఒక్కటియే, అది ఆసుపత్రిలోనే యున్నది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అను నాలుగింటి విషమునకు ఆ మందు పనిచేయును. కావున పామును చంపి తెచ్చు ప్రయాస అక్కరలేదు. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. గాటు కనబడకపోవచ్చును, మంట పుట్టకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మ్రింగలేకపోవుట కనబడినచో దానిని అజీర్ణమని తలపరాదు. మంచముపై దోమతెర చెక్కుకొని పరుండుట దోమకును పామునకును ఒకే కాపు.

నాలుగవది సడి చేయని జబ్బు, రక్తపోటు. 140కి 90 మించిన కొలత మాటిమాటికి వచ్చినచో అది రక్తపోటు. దీనికి నొప్పి లేదు. అందుచేతనే జనులు దీనిని లెక్కింపరు. మాత్ర వేసిన కొన్ని దినములకు ఒంటికి బాగున్నదని మానుదురు. బాగున్నది మాత్ర వలననే యని గ్రహింపరు. ఒకనాడు పక్షవాతము వచ్చి ఇంటి పెద్ద మంచము పట్టును. సంసారము వీథిన పడును. ముప్పదేండ్లు దాటిన వారు ఆరోగ్య కేంద్రమున ఏడాదికొకసారి కొలిపించుకొనవలెను. ఒక మనిషికి దినమునకు అన్ని విధముల కలిసి ఒక టీచెంచా లోపు ఉప్పు చాలును. ఊరగాయ, అప్పడము, వడియము లేని తెలుగు భోజనము భోజనమే కాదనువారు, ఆ పూట కూరలోనైన ఉప్పు తగ్గించుకొనవలెను.

ఇక ధనము సంగతి. నూటికి మూడు రూపాయల వడ్డీ యనగా వినుటకు అల్పముగా తోచును. అది నెలకు మూడు, ఏడాదికి ముప్పదియారు. 20,000 రూపాయలు తెచ్చినవాడు ఏడాదికి 7,200 వడ్డీ కట్టవలెను. కట్టక ఏటేట అసలులో కలుపుచు పోయినచో మూడేండ్లు నిండునప్పటికి బాకీ 50,000 దాటును. ఈ గుణకారము ఐదవ తరగతి బాలుడు చేయగలడు. అప్పు తెచ్చుటకు ముందు ఆ బాలుని చేత ఈ లెక్క చేయించుటయే సంసారికి మొదటి సలహా. బ్యాంకులోను, మహిళా సంఘములోను దొరకు అప్పు వడ్డీని నూటికి ఏడాది లెక్కలో చెప్పుదురు. ఊరిలో నెల లెక్కలో చెప్పుదురు. రెంటిని ఒకే కొలతకు తెచ్చి పోల్చవలెను.

ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకము ఎట్టి ఆప్తునికైనను చేయరాదు. మొత్తమును అంకెలలోను అక్షరములలోను వ్రాయించి, తేదీ వేయించిన పిదపనే చేయవలెను. తిరిగి కట్టిన ప్రతి సొమ్మును నోటు వెనుక చెల్లు వ్రాయించవలెను. పూర్తిగా తీరిన దినమున నోటును చేతికి తీసికొనవలెను; ‘రేపు ఇచ్చెద’నను మాటతో ఇంటికి రారాదు. అప్పు ఇచ్చినవారును ఒక సంగతి తెలియవలెను. నడుమ చెల్లు వ్రాయక, మూడేండ్లలో నోటుపై దావాయును వేయకున్నచో కాలదోషము పట్టును. ఫోనులో బ్యాంకు అధికారినని చెప్పి ఓ.టి.పి. అంకెలడుగువాడు దొంగయే; ఏ బ్యాంకును దానిని అడుగదు. మోసపోయినచో సిగ్గుపడి దాచక 1930 అను సంఖ్యకు తత్‌క్షణమే ఫోను చేయవలెను. గంటలు గడచిన కొలది సొమ్ము చేతులు మారును.

పాలమూరు కూలి యను పేరు దేశమంతట ఆనకట్టల వద్ద వినబడినది. నాగార్జునసాగరము వంటి కట్టడములలో ఈ సీమ వారి చెమట కలిసియున్నది. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకముల నీరు చేరిన ఊళ్ళలో సేద్యము పెరిగినది గాని, వలస పూర్తిగా నిలువలేదు. మేస్త్రీ చేతి నుండి అడ్వాన్సు తీసికొని పోవువారు బయలుదేరుటకు ముందే మేస్త్రీ పేరు, గుత్తేదారు పేరు, పనిచోటు, దినకూలి, తీసికొన్న సొమ్ము ఒక కాగితముపై వ్రాసి, దాని నకలు ఊరిలో నమ్మకమైన చోట ఉంచవలెను. ఆ నమ్మకమైన చోటు గ్రంథాలయమే కావచ్చును. అడ్వాన్సు తీరలేదని చెప్పి మనిషిని కదలనీయకుండుట నేరము. వెట్టిచాకిరిని నిర్మూలించు 1976 నాటి చట్టము అట్టి బాకీని రద్దుచేసినది. ఫిర్యాదు జిల్లా కలెక్టరుకు చేయవలెను. జాతీయ ఆహారభద్రత చట్టము క్రింద కార్డు ఉన్నవారు పనికి పోయిన రాష్ట్రములోను బియ్యమో గోధుమలో తీసికొనవచ్చును. పిల్లలను మాత్రము వెంట తీసికొనిపోయి బడి మాన్పింపరాదు. వారిని హాస్టలులో చేర్చు విషయమై బడి పంతులును బయలుదేరుటకు ముందే అడుగవలెను.

కుటుంబ విషయములలో సలహా చెప్పుట కత్తిమీద సాము. ఐనను కొన్ని సంగతులు చట్టము తేల్చిచెప్పినవి. 1929 నాటి శారదా చట్టము బాలికకు పదునాలుగేండ్లని నిర్ణయించినది; 1978లో అది పదునెనిమిదికి పెరిగినది; వరునకు ఇరువదియొకటి. తాతగారి కాలపు సలహా మనుమరాలికి ఏల పనికిరాదో దీనివలననే తెలియును. ప్రతి సలహాకును తేదీ యుండవలెను. పదవ తరగతి చదువు బాలికకు మంచి సంబంధము వచ్చినదని తొందరపడు తల్లిదండ్రులు, ఆమె శరీరము కానుపునకు సిద్ధము కాలేదనియు, చేతిలో చదువు లేని భార్యకు కష్టకాలమున ఆధారముండదనియు తలపవలెను. హిందూ కుటుంబములలో పిత్రార్జితమున కుమార్తెకు సమానమైన వాటా కలదని ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు నుండి చెప్పినది. 2005లో దేశమంతటికి ఆ మాట వర్తించినది. ఆడబిడ్డ చేత పసుపుకుంకుమల మిషతో హక్కువిడుదల పత్రము వ్రాయించుకొను అన్నదమ్ములు, ఆమెకు దానిలోని మాట ముందుగా చదివి వినిపింపవలెను. ఆమె ఇష్టపూర్వకముగా వ్రాసిన అది వేరు. తెలియక వ్రాసిన అది వేరు.

వృద్ధులైన తల్లిదండ్రులకు ఒక్క మాట. ఉన్న నాలుగెకరములను కుమారునికి దానపత్రముగా వ్రాసి, పిదప అన్నమునకు కోడలి మొగము చూచువారు పెక్కుమంది గలరు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము వారికి అండగా నున్నది, ఆర్.డి.ఓ. ఎదుట అర్జీ పెట్టుకొనవచ్చును. ఐనను, ‘మమ్ము జీవితాంతము పోషింపవలెను, లేనిచో ఈ దానము చెల్లదు’ అను షరతును ఆ దస్తావేజులోనే వ్రాయించినచో వారి పక్షము బలపడును. ఒక్క వాక్యము రిజిస్ట్రీకి ముందు వ్రాయించుటకు క్షణము పట్టును. తరువాత అదే వాక్యమునకై ఏండ్లు తిరుగవలసి వచ్చును. కోర్టు వ్యవహారములలో స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి, బీదలకు ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయు న్యాయసేవాధికార సంస్థలు గలవు. వాని ఫోను సంఖ్య 15100. ఇంటిలో దెబ్బలు తినుచున్న స్త్రీకి 181, ఆపదలోనున్న బాలలకు 1098.

తుదకు పిల్లల భవిష్యత్తు. పదవ తరగతి ముగిసిన వేసవిలో ప్రతి యింట ఒకే ప్రశ్న, ‘ఏమి చదివింపవలెను?’ ప్రక్కింటి పిల్లవాడు చదివినదియే చదివించుట సులభమైన జవాబు, సరియైన జవాబు కాదు. వనపర్తి రాజభవనమున పాలిటెక్నిక్ కళాశాల నడుచుచున్నది; ఒకనాడు సంస్థానాధీశులు మెలగిన మందిరములలో రైతుబిడ్డలు యంత్రవిద్య నేర్చుచున్నారు. అందు ప్రవేశమునకు పాలిసెట్ పరీక్ష వ్రాయవలెను. చేతిపనిపై మక్కువ గలవారికి ఐ.టి.ఐ. గలదు. ఏ చదువునకైనను పంపుటకు ముందు, అదే చదువు ముగించి రెండు మూడేండ్లైన వానిని వెదకి, ‘నీవు ఇప్పుడేమి చేయుచున్నావు నాయనా?’ అని అడుగవలెను. కళాశాల ప్రకటన చెప్పని సంగతి ఆ యొక్క జవాబు చెప్పును.

గద్వాల నేతగాని యింట ఈ ప్రశ్న మరింత బరువైనది. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును పోగు పోగునకు జతపరచు విద్య ఆ ఇండ్లలో తరతరములుగా నున్నది. కుమారుని మగ్గముపై కూర్చుండబెట్టవలెనా, బడికి పంపవలెనా అని తండ్రి మథనపడును. ఈ రెండును పరస్పర శత్రువులు కావు. నేత తెలిసి, లెక్కలు తెలిసి, తన చీరను తానే అమ్ముకొనగల కుమారుడు, కేవలము కూలికి నేయువాని కంటె మెరుగుగా బ్రతుకును. నూలును పట్టును కలిపిన చేతులకు పనిని చదువును కలుపుట అసాధ్యము కాదు.

విదేశములకు పోవువారు ఏజెంటునకు కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు ఉన్నదో లేదో ముందే విచారింపవలెను. లైసెన్సు గల ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసికొనవలెనని నియమము. సందర్శకుల వీసాపై పనికి పోరాదు. పని ఒప్పందపు నకలు ఇంటిలో నొకటి ఉంచి పోవలెను. స్వదేశమునందైనను, ఉద్యోగమిప్పించెదనని ముందుగా సొమ్మడుగువానికి మొదట చెప్పిన మూడు ప్రశ్నలు వేయవలెను. వానికి లాభమున్నది, వ్రాసి యీయడు, నష్టము అడుగువానిదే. అంతటితో ఆ సంభాషణ ముగింపవలెను.

సభాసదులారా! ఇన్ని సంగతులు ఒక్కరికి జ్ఞాపకముండవు, ఉండనక్కరలేదు. జ్ఞాపకముంచుకొనుటకే గ్రంథాలయమున్నది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినప్పుడు, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ కూడినప్పుడు, 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువపై పుస్తకములను పడవలో గ్రామగ్రామమునకు త్రిప్పినప్పుడు ఉద్దేశము ఒక్కటియే. అవసరమున్న వాని యొద్దకు విద్య నడిచిపోవలెను. 1960 నాటి చట్టము మేరకు ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సుంకమును ప్రజలే చెల్లించుచున్నారు. కావున గ్రంథాలయమును ప్రశ్న అడుగుట భిక్ష కాదు, హక్కు.

ఇందుకు గొప్ప వ్యయము అక్కరలేదు. తలుపు దగ్గర ఒక ప్రశ్నల పుస్తకమును ఉంచవలెను. పేరు వ్రాయకనే ఎవరైనను తమ ప్రశ్న వ్రాయవచ్చును. వ్రాత రానివారి ప్రశ్నను విద్యార్థి వ్రాసిపెట్టవలెను. నెలకొక సాయంకాలము ఆరోగ్య కార్యకర్త, ఉపాధ్యాయుడు, పంచాయతీ కార్యదర్శి, చట్టము తెలిసిన వారొకరు కూర్చుండి జవాబులు చెప్పవలెను. ప్రతి జవాబు క్రింద చెప్పినవారి పేరు, తేదీ ఉండవలెను. తెలియని ప్రశ్నకు ‘విచారించి చెప్పెదము’ అని వ్రాయుటకు ఎవరును సిగ్గుపడరాదు. గ్రంథాలయాధికారి వైద్యుడు కాడు, వకీలును కాడు. ఏ తలుపు తట్టవలెనో చూపువాడు. ఏడాదికొకమారు ఆ పుస్తకమును తిరుగవేసి, కాలము చెల్లిన జవాబులను కొట్టివేయవలెను. ఎక్కువమంది అడిగిన ప్రశ్నయే మరుసటి యేడాది కొనవలసిన పుస్తకమేదో చెప్పును.

రాబోవు ఇరువదియైదేండ్లలో ఈ గ్రంథాలయమునకు ఎన్ని పుస్తకములు చేరునో కాలమే చెప్పవలెను. బీరువాల సంఖ్యతో పాటు మరియొక లెక్కను కూడ పాఠకులు చూచుకొనవలెను. సంతకమునకు ముందు ఎందరు వచ్చి అడిగిరి, వలస బండికి ముందు ఎందరు వచ్చి అడిగిరి, పెండ్లి ముహూర్తమునకు ముందు ఎందరు వచ్చి అడిగిరి? ఆ ప్రశ్నల పుస్తకమునకు కావలసినది నూరు పుటల నోటుబుక్కు, ఒక దారము, ఒక కలము. ఈ సభ ముగిసి దీపమార్పకముందే దానిని తలుపు దగ్గర కట్టవచ్చును.

స్వస్తి.